జోరు, కంగారు

వందన చింతచిగురులో ఈనెలు ఏరుతూ కూర్చున్న పూట, హైదరాబాదు నుంచి ఆడపడుచు నవ్యశ్రీ వీడియో కాల్ చేసి, "వదినా, నీది టెన్షన్ కాదు, మేనియా," అని చెప్పింది. ఒక నిమిషం వీడియోలో చూసిందట. అందులో ఎవరో ఐదు లక్షణాలు చెప్పారట. నాలుగు వందనకు అచ్చంగా సరిపోయాయట. ఐదోది ఏమిటో నవ్యశ్రీ వినలేదు. ఈలోపు కుక్కరు కూత వేసింది.

"నిద్రపోవు. గడగడా మాట్లాడతావు. ఒకే పని పదిసార్లు చేస్తావు. అన్నయ్య మీద ఊరికే చిరాకుపడతావు. నాలుగూ ఉన్నాయా లేదా?"

"పనిమనిషి మానేసిన దగ్గర్నుంచీ ఉన్నాయి నవ్యా."

"జోకులెయ్యకు వదినా. అతిగా జోకులెయ్యడం కూడా ఉందేమో అందులో, నేను చూళ్ళేదు గానీ."

మేనియా అన్న మాట గుడివాడలోని ఆ ఇంట్లోకి అలా వచ్చింది. వచ్చిన రోజునే భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. అత్తగారు మంగతాయారు దాన్ని 'మానియా' అంది. భర్త ప్రసాద్ 'బైపోలార్' అన్నాడు, ఆయనకు ఏదైనా పెద్ద మాటే కావాలి గనుక. వందన మాత్రం పప్పులో చింతచిగురు వేసింది. బందరు కాలేజీలో బీయస్సీ జువాలజీ చదివిన మనిషి. కప్ప మెదడు బొమ్మ గీసి భాగాలు గుర్తించడంలో ఆమెను మించినవాళ్ళు క్లాసులో లేరు. పెళ్ళయిన ఈ ఇరవై రెండేళ్ళలో కప్ప మెదడు గురించి ఎవరూ అడగలేదు. ఆమె మెదడు గురించి మాత్రం ఇదిగో, ఇప్పుడే మొదటిసారి అందరూ అడుగుతున్నారు.

ప్రసాద్‌కు కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువులున్నాయి. చెరువుల మీద పని ఆయనది, సాయిబాబుది. సాయిబాబు అక్కడే షెడ్డులో ఉండి కాపలా కాస్తాడు, మేత వేస్తాడు. ఇవి కాక ఇంకో పని ఉంది. దానికి పేరు లేదు. పేరు లేదు గనుక అది వందనకు వచ్చింది. రొయ్యకు నీళ్ళలో గాలి కావాలి. గాలి కొట్టే ఏరియేటర్లకు కరెంటు కావాలి. కరెంటు పోయి, జనరేటరు అందుకోకపోతే, గంట తిరక్కుండా పంటంతా పైకి తేలుతుంది. అలా జరగకుండా, మోటార్లు ఆగితే ఫోను మోగే పరికరం ఒకటి పెట్టించాడు ప్రసాద్. ఎవరి నంబరు ఇవ్వాలి అన్నప్పుడు, "నాది మొద్దు నిద్ర, దానిదివ్వండి," అన్నాడు. అలా మూడేళ్ళుగా ఆ చెరువుల ఊపిరి వందన దిండు కింద ఉంది. మోగితే లేచి సాయిబాబును లేపాలి. మోగకపోతే, ఎందుకు మోగలేదా అని లేవాలి. పొద్దున్నే లేచిన ప్రసాద్, "రాత్రి కరెంటు పోయిందా? నాకు తెలియనే లేదు," అనేవాడు, అదేదో తన గొప్ప అయినట్టు.

ఆ మొద్దు నిద్ర మనిషి ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచీ నిద్రపోవడం మానేశాడు.

మొదట సంతోషమే అనిపించింది. రెండింటికే లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాలుగున్నరకల్లా స్నేహితులకు ఫోన్లు. మొహంలో కళ. నడకలో కుర్రతనం. ఎప్పుడూ పేపరు వెనక నుంచి మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడటం, అదీ గంటలు గంటలు. "మావాడు మంచి జోరు మీదున్నాడు," అని మంగతాయారు దిష్టి తీసింది. ఆ జోరులో తన బుల్లెట్ బండి సాయిబాబుకు ఇచ్చేశాడు, "ఉంచుకోరా, నాకు కార్లు వస్తాయి," అని. కూలీలందరికీ బిర్యానీ పెట్టాడు. సముద్రం దాకా వెళ్ళాలి అన్నాడు. సొంత చెరువు, సొంత పడవ, సొంత ఐసు ఫ్యాక్టరీ, అన్నిటికీ వాళ్ళ నాన్నగారి పేరు. గిలకలదిండి రేవులో ఒక మరపడవ చూసొచ్చాడు. శనివారం ఇంటి కాగితాలు పెట్టి దాన్ని సొంతం చేసుకోవడానికి ముహూర్తం కూడా పెట్టించాడు. సముద్రంలో మోకాలి దాకా తప్ప దిగని మనిషి.

అందరూ ఆయన చెయ్యి పెద్దదన్నారు, గుండె పెద్దదన్నారు. ఆయన వెనకాల గేటు వేస్తూ, గ్యాస్ కట్టేస్తూ, ఆయన మాటిచ్చిన చోటల్లా ఫోను చేసి మెల్లగా మాట వెనక్కి తీసుకుంటూ తిరుగుతున్న వందనను మాత్రం, "ఎందుకే ఆ కంగారు, వాణ్ణి ఎదగనివ్వవా," అన్నారు. కంగారు నిజమే. ఆమె గుండె ఈ మధ్య చెంబులో వేసిన గవ్వలా గలగలమంటోంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండదు. స్టవ్వు కట్టానా అని చూసొచ్చి, చూసొచ్చానా అని మళ్ళీ చూసొస్తుంది. స్టీలు డబ్బాలు తోమినవే తోముతుంది, చేతులకు పనుంటే గుండె కాస్త వెనక్కి తగ్గుతుందని. ఆయన కారు మలుపు తిరిగేదాకా నిలబడి, తిరిగాక ఏ లారీ ఎదురొస్తుందో ఆలోచించి, ఆ లారీకి నంబరు ప్లేటు కూడా ఊహించుకుని, అప్పుడు లోపలికొచ్చి అత్తగారికి కాఫీ కలుపుతుంది. భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్న కూతురు హిమబిందుకు ఏమీ చెప్పలేదు, పరీక్షలు అయ్యేదాకా ఆ పిల్లయినా నిద్రపోవాలని. వీటన్నిటి మధ్యా అప్పుడప్పుడు ఇంకో భయం వచ్చి పక్కన కూర్చునేది. ఒకవేళ నవ్యశ్రీ అన్నదే నిజమైతే? ఇంటిల్లిపాదికీ ఆయన బాగున్నట్టు కనిపిస్తూ తనకొక్కదానికే తేడాగా కనిపిస్తున్నాడంటే, తేడా ఆయనలో ఉన్నట్టా, చూసే కళ్ళలో ఉన్నట్టా? పిచ్చివాళ్ళు తమకు పిచ్చి లేదంటారని అందరూ అంటారు. తనేమో ఉందేమో అనుకుంటోంది. దాన్ని ఏ లెక్కలో వెయ్యాలో కప్ప మెదడులో చెప్పలేదు.

అసలు గొడవ మేత దగ్గర వచ్చింది. చెరువులో వేసిన మేత రొయ్యలు తింటున్నాయా లేదా చూడటానికి నీళ్ళలో నాలుగు పళ్ళేలు దింపి ఉంచుతారు. వాటిని చెక్ ట్రేలు అంటారు. గంటన్నర తర్వాత పైకి లాగి చూస్తే, ట్రేలో మిగిలిన దాన్ని బట్టి తర్వాతి మేత తగ్గించాలో పెంచాలో తెలుస్తుంది. సాయిబాబు ఫోనులో చెప్పడం, వందన పుస్తకంలో రాయడం మామూలు. ఉగాది తర్వాత ప్రసాద్ మేత మూడింతలు చేశాడు. ట్రేలు నిండుగా వస్తున్నాయి. మిగిలిన మేత అడుగున కుళ్ళుతుంది, నీళ్ళు పాడవుతాయి, ఆ తర్వాత ఏరియేటర్లు ఎన్ని తిరిగినా ఒకటే. వందన సాయిబాబుకు చెప్పింది, సారు చెప్పినదాంట్లో మూడో వంతే వెయ్యమని. నాలుగు రోజులు వేశాడు. ఐదో రోజు, కొత్తగా వచ్చిన బుల్లెట్ బండి వల్ల విశ్వాసం ఎక్కువై, సారుకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ప్రసాద్ ఇంటికి నవ్వుకుంటూ వచ్చాడు. నవ్వు ఆపకుండానే కాఫీ గ్లాసు గోడకేసి కొట్టాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన గ్లాసు గట్టిగా కిందపెట్టిన రోజు కూడా లేదు.

"నా రొయ్యలకి ఆకలేస్తోందని నాకు తెలుస్తోంది. నీకేం తెలుస్తుంది?"

"ట్రేలో మిగులుతోందండీ."

"ట్రే చూసి సేద్యం చేసేవాణ్ణి గుమస్తా అంటారు."

తర్వాత ఒక్కసారిగా గొంతు తగ్గించి, వాళ్ళమ్మ వైపు తిరిగి, ఎంతో జాలిగా అన్నాడు: "దీన్ని ఎవరికైనా చూపించాలమ్మా. నేను కాబట్టి ఓర్చుకుంటున్నాను."

నవ్యశ్రీ హైదరాబాదులో కూర్చుని బందరులో మానసిక వైద్యురాలు శాంతిగారి దగ్గర గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకుంది. గురువారం తర్వాత శుక్రవారం, దాని తర్వాత పడవ. వందనకు ఆ వరస అర్థమైంది. గురువారం నాడు ఒక కాగితం మీద తన పేరు రాసి దానికెదురుగా మేనియా అని రాశారంటే, ఇక ఆ ఇంట్లో తను నోరు విప్పినప్పుడల్లా మాట్లాడేది ఆ కాగితమే. మేత తగ్గించమన్నా, కారు నెమ్మదిగా నడపమన్నా, ఇంటి కాగితాలు బీరువాలోంచి తియ్యొద్దన్నా, "మందేసుకున్నావా?" అని ఒక్క మాట అడుగుతారు. ప్రేమగానే అడుగుతారు. అదే ఆమెకు ఎక్కువ భయం.

గురువారం పొద్దున ముగ్గురూ కారెక్కారు. ముందు సీట్లో వందన. వెనక మంగతాయారు, మందుల సంచీ, పులిహోర డబ్బా. ప్రసాద్ ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ప్రపంచం. గుడ్లవల్లేరు దాటేసరికి పడవ అయిపోయింది, పెడన వచ్చేసరికి ఐసు ఫ్యాక్టరీ లేచింది, బందరు చేరేసరికి జపాను వాళ్ళు రొయ్యల ఒప్పందం మీద సంతకం పెట్టేశారు. వందన కాళ్ళు రెండూ కారు నేలకేసి నొక్కి కూర్చుంది, తన వైపు కూడా బ్రేకు ఉన్నట్టు.

"అపాయింట్‌మెంట్ పదకొండింటికి. ముందు నా పడవ చూడండి," అని కారు గిలకలదిండి వైపు తిప్పాడు.

రేవులో వేలంపాట అప్పుడే అయింది. ఐసు కరిగిన నీళ్ళు కాళ్ళ కింద పారుతున్నాయి. పడవ సొంతదారు పెద్దిరాజు అరవై దాటిన మనిషి. వల చిరిగిన చోట ముడులు వేస్తూ కూర్చున్నాడు. ప్రసాద్ ఆయన భుజం చరిచి, చెప్పులతోనే పడవెక్కి, అక్కడి నుంచి ఫోనులో ఎవరికో సముద్రం చూపిస్తున్నాడు. మంగతాయారు కారులోంచే కొడుకును చూసి మురుస్తోంది. పెద్దిరాజు వలలోంచి తలెత్తకుండా, వందనకు మాత్రం వినిపించేలా అడిగాడు.

"అయ్యగారికి ఒంట్లో బాగుంటంలేదామ్మా?"

వందన కారు వైపు ఒకసారి చూసింది. "నన్ను చూపించడానికి వచ్చామండీ, ఆస్పత్రికి."

"మిమ్మల్నా?" పెద్దిరాజు ఇప్పుడు తలెత్తాడు. ఆమెను చూశాడు, పడవ మీద ఆయన్ని చూశాడు. రెండు ముడులు వేశాడు. "నలభయ్యేళ్ళ నించీ పడవలు కొంటన్నాను, అమ్ముతన్నానమ్మా. నేను రేటు చెప్పకముందే ఆయనే చెప్పారు. చెప్పి, ఆయనే పెంచారు. మళ్ళీ తెల్లారగట్ల ఫోను చేసి ఇంకా పెంచారు. కొనేవాడు పెంచటం ఎక్కడా చూళ్ళేదు. వలలు బాగుచెయ్యాలి, వారం పడతది అన్నాను. శనివారం అయితే నేను ఊళ్ళో ఉండను."

"ఉండరా?"

"ఉండను. మీరు చెప్పకండి."

అంతే. ఆ మనిషికి ఆమె ఎవరో తెలియదు. ఆమె అడగలేదు. ఆయన చూసింది ఆయన చూశాడు. వందనకు అక్కడే, చేపల బుట్టల మధ్య, కూలబడి ఏడవాలనిపించింది. చూసే కళ్ళు ఇంకో జత ఉన్నాయి. కానీ పెద్దిరాజు మాట వేలంపాటలో చెల్లుతుంది, ఇంట్లో చెల్లదు. శనివారం కాకపోతే ఇంకో పడవ, ఇంకో శనివారం.

డాక్టరు శాంతిగారికి యాభై ఏళ్ళుంటాయి. చెవుల దగ్గర నెరిసిన జుట్టు, బల్ల మీద వేడినీళ్ళ ఫ్లాస్కు. ఎదురు కుర్చీలో ప్రసాద్ కూర్చున్నాడు. పక్కనున్న స్టూలు మీద వందన కూర్చుంది. పేషెంటు స్టూలు మీద కూర్చోవడం, భర్త కుర్చీలో కూర్చుని ఆమె కడుపునొప్పి ఎలా ఉంటుందో డాక్టరుకు వివరించడం ఆమెకు కొత్త కాదు. పురుడు నాడు కూడా నొప్పులు ఎంత దూరంలో వస్తున్నాయో ఆయనే చెప్పాడు.

ప్రసాద్ వందన గురించి నాలుగు నిమిషాలు చెప్పాడు. నిద్రపోదు, నాకు అడ్డం పడుతుంది, సాయిబాబుతో కుమ్మక్కు. తర్వాత సాయిబాబు గురించి చెప్పాడు. సాయిబాబు నుంచి బండి, బండి నుంచి పడవ, పడవ నుంచి జపాను. డాక్టరుగారి ఆస్పత్రి ఇంత చిన్నగా ఉండకూడదనీ, దీన్ని పది అంతస్తులు చేద్దామనీ, తనకు ఒక్క నెల టైమివ్వమనీ అన్నాడు. డాక్టరు పెన్ను మూత పెట్టేసి వింటోంది. గోడ గడియారం వైపు ఆమె చూడలేదు. వందన చూసింది. ఇరవై ఐదు నిమిషాలు.

"మీరు కాసేపు బయట కూర్చుంటారాండీ? ఈవిడతో మాట్లాడతాను."

"మాట్లాడండి మాట్లాడండి. మీకే తెలుస్తుంది," అని ఆయన లేచి వెళ్ళాడు. తలుపు మూసుకునే లోపే బయట కాంపౌండరుకు జపాను మొదలైంది.

"ఈ కుర్చీలోకి రండి," అంది డాక్టరు. వందన మారింది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.

"నిద్ర పట్టట్లేదా, నిద్ర అక్కర్లేకుండా పోయిందా?"

ఆ రెండూ వేరని ఎవరూ అనలేదు ఇంతవరకు.

"అక్కర్లేకపోవడమేంటండీ. ఒక్క పూట ఎవరూ పిలవరంటే ఈ కుర్చీలోనే పడుకుంటాను. కళ్ళు మూస్తే గుండె లేచి కూర్చుంటోంది."

"పొద్దున్నకి ఎలా ఉంటుంది ఒళ్ళు?"

"రోట్లో వేసి తీసినట్టుంటుంది."

"ఎక్కువ మాట్లాడతారన్నారు."

"మాట్లాడతానండీ. అన్నీ ప్రశ్నలే. గ్యాస్ కట్టానా, గేటు వేశానా, సాయిబాబు ఫోనెత్తాడా, ఈయన చేరారా. జవాబు ఒక్కటీ నా దగ్గరుండదు."

"ఆలోచనలు పరిగెడతాయా?"

"పరిగెడతాయి. కానీ వీధి దాటవు. మళ్ళీ మా గేటు దగ్గరికే వస్తాయి."

డాక్టరు నవ్వలేదు గానీ, రాసుకుంది. "నాకంటే తెలిసినవాళ్ళు లేరు, నేను పట్టిందల్లా అయిపోతుంది అని ఎప్పుడైనా అనిపించిందా? ఒక గంట కాదు, రోజుల తరబడి?"

"నేను పెళ్ళయిన దగ్గర్నుంచీ, ఎవరో ఒకరు రుచి చూసి సరిపోయిందంటే గానీ పులుసు దించలేదండీ."

"చేతికి అందిందల్లా ఇచ్చెయ్యాలని, కొనెయ్యాలని?"

వందన తలుపు వైపు చూసింది. ఒక్కో ప్రశ్న తన దగ్గరికొచ్చి, తనను ముట్టుకుని, ఈవిడ కాదన్నట్టు పక్కకు తప్పుకుని తలుపు కిందనుంచి వరండాలోకి వెళ్తోంది. బయటినుంచి ఆయన నవ్వు వినబడుతోంది. డాక్టరు కూడా వింటోందని వందన గమనించింది.

"చిరాకు, నిద్రలేమి, మనిషి నిలకడగా కూర్చోలేకపోవడం, ఇవి రెండింట్లోనూ ఉంటాయి," అంది డాక్టరు. "అందుకే పైపైన చూస్తే ఒకటే అనిపిస్తాయి. మీది ఆందోళన. చేతిలో ఉన్నదంతా పోతుందేమోనని మీ భయం. మేనియాలో భయం ఉండకపోవడమే చిక్కు. ఆందోళన ఉన్న మనిషి అలసిపోతుంది, అలసిపోయానని ఆవిడకి తెలుస్తుంది. రెండోదాంట్లో పక్కనున్నవాళ్ళు అలసిపోతారు."

వందన చేతిలో రుమాలు మడత పెట్టింది, విప్పింది. చెప్పాలా? తనను పిచ్చిదన్న మనిషిని తిరిగి పిచ్చివాడన్నట్టు ఉండదా? ఆరోపణకు ఆరోపణ. ఇంట్లో రోజూ ఆడే ఆట, ఇక్కడ డాక్టరు ముందు. పోనీ చెప్పకపోతే? ఆయన కారు తాళాలు జేబులోనే ఉన్నాయి. తిరుగు ప్రయాణం పెడన మీదుగానే. ఆ ఊహించుకున్న లారీ నంబరు ప్లేటుతో సహా గుర్తొచ్చింది.

"మూడు వారాలుగా ఆయన రోజుకి రెండు గంటలు పడుకుంటున్నారండీ," అంది. "అయినా అలసట లేదు." మొదటి వాక్యం బయటకొచ్చాక మిగిలినవి వాటంతటవే వచ్చాయి. బండి, బిర్యానీ, మేత, గ్లాసు, పెద్దిరాజు.

"ఆయనతో మాట్లాడకుండా నేను పేరు పెట్టకూడదు. కానీ మాట్లాడాలి, ఇవాళే మాట్లాడాలి," అంది డాక్టరు, వందనకు మందు చీటీ రాసిస్తూ. "వాళ్ళింట్లో ఇంతకుముందు ఇలా ఎవరికైనా వచ్చిందా?"

"నాకు తెలిసి లేదండీ. మా అత్తగార్ని అడగాలి."

వరండాలో బెంచీ మీద మంగతాయారు పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అటు చివర ప్రసాద్ మందుల చీటీల వెనక ఐసు ఫ్యాక్టరీ గీస్తున్నాడు. వందన అత్తగారి పక్కన కూర్చుని, డాక్టరు అన్నది తక్కువ మాటల్లో చెప్పింది.

"నోరు కడుక్కో," అంది మంగతాయారు. "మగాడు నాలుగు పనులు తలపెట్టుకుంటే జబ్బా? వాళ్ళ నాన్నగారు ఇలాగే ఉండేవారు."

"ఇలాగే అంటే?"

ఆ కథ వందనకు తెలుసు. ఆ ఇంటికొచ్చిన కోడలికి మొదటి వారంలోనే చెప్పే కథ. దివిసీమ ఉప్పెన తర్వాత మావగారు పూర్ణచంద్రరావు కంటి మీద కునుకు లేకుండా నలభై ఇళ్ళకు పాకలు వేయించాడు, లారీల కొద్దీ వెదుళ్ళు తెప్పించాడు, గాదె తెరిచి ఊరందరికీ ధాన్యం పంచాడు. జనం కాళ్ళకు దండం పెట్టారు. ఆ శ్రమకే కామెర్లు వచ్చి ఎనిమిది నెలలు నడిమింట్లో మంచం పట్టాడు. కథ అక్కడ ఆగుతుంది. అందరూ ఆయన ఫోటో వైపు చూస్తారు.

"అత్తయ్యా, ఆ రోజుల్లో మావయ్యగార్ని చూసి మీకెప్పుడైనా భయం వేసిందా?"

మంగతాయారు డబ్బా మూత గట్టిగానే ఉన్నా మళ్ళీ నొక్కింది. కొడుకు వైపు చూసింది. అక్కడ ఐసు ఫ్యాక్టరీకి మూడో అంతస్తు లేస్తోంది.

"ఈ మాట నన్నెవరూ అడగలేదే," అంది చివరికి. "ఊరంతా దేవుడన్నారు. నేనేమో వీణ్ణి చంకనేసుకుని గాదె ముందు నిలబడి ఏడ్చాను. రేపటికి గింజలేదని ఏడవలేదమ్మాయ్. ఆయన కళ్ళు చూసి ఏడ్చాను. అవి నావైపు చూస్తన్నట్టు ఉండేవి కావు. ఊరు కొట్టుకుపోతే ఏడవనిది గాదె ఖాళీ అయితే ఏడుస్తోంది అన్నారు. మా అత్తగారు నన్ను బెజవాడ తీసుకెళ్ళింది, నరాల డాక్టరు దగ్గరికి."

"మిమ్మల్నా?"

"నన్నే. రెండేళ్ళు బిళ్ళలు మింగాను. వీడికి పాలివ్వొద్దన్నారు ఆ బిళ్ళల వల్ల." ఆమె గొంతు వంటల గురించి చెబుతున్నంత మామూలుగా ఉంది. "కామెర్లు గీమెర్లు ఏం లేవు. గోడవైపు తిరిగి పడుకున్నారు ఎనిమిది నెలలు, స్నానం నేను చేయించేదాన్ని. జబ్బు ఆయనకొచ్చింది, మందు నేను మింగాను."

వరండాలో ఫ్యాను కిర్రుమంటోంది. వందనకు ఏం చెయ్యాలో తోచక అత్తగారి ఒళ్ళోంచి డబ్బా తీసి పక్కన పెట్టింది. చెయ్యి పట్టుకోవాలనుకుంది. వాళ్ళిద్దరికీ ఆ అలవాటు లేదు.

"ఇది లోపల చెప్పాలి అత్తయ్యా."

"నువ్వు చెప్పు."

"నేను చెప్తే కోడలు అత్తింటి మీద ఎక్కించి చెప్పినట్టుంటుంది. మీరు చూసింది మీరే చెప్పాలి."

మంగతాయారు మోకాళ్ళ మీద చేతులానించి లేచి, కుచ్చిళ్ళు సర్దుకుని, డాక్టరు గది తలుపు తనే తోసుకుని లోపలికి వెళ్ళింది.

వందన అటు చివరకు నడిచింది. ఆయన్ని లోపలికి పంపడం ఆమెకు కష్టం కాదు. "మీ ఐసు ఫ్యాక్టరీ సంగతి డాక్టరుగారు వివరంగా వినాలంటున్నారు," అంటే చాలు, పరిగెత్తుకుని వెళ్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇల్లు అలాంటి చిన్న చిన్న మాటల మీదే నడిచింది. కోపం వస్తుందని ఒకటి, పరువు పోతుందని ఇంకొకటి. ఆ విద్యకు ఇంట్లో వాళ్ళు పెట్టిన పేరు సర్దుకుపోవడం. ఆ ఐసు ఫ్యాక్టరీ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని అక్కడే ఉంచేసింది.

"ఏమంది? మేనియానేనా?" అన్నాడు ప్రసాద్, పెన్ను ఆపకుండా.

"నాది ఆందోళనంట. మందు రాశారు, వాడతాను." చీటీ మడిచింది. "మీ గురించి కూడా చెప్పాను నేను. మీకు నిద్ర అక్కర్లేకుండా పోయింది. అది మంచిది కాదండీ. నాకు మిమ్మల్ని చూస్తే భయమేస్తోంది. ఆవిడ మీతో మాట్లాడాలంటున్నారు. లోపలికి రండి."

ప్రసాద్ పెద్దగా నవ్వాడు. వరండాలో కూర్చున్నవాళ్ళందరూ తిరిగి చూశారు. "నాకా? జన్మలో ఎప్పుడూ ఇంత బాగా లేను నేను."

"తెలుసండీ. అదే భయం."

నవ్వు సగంలో మారిపోయింది. మెడ నరాలు ఉబ్బాయి. జేబులోంచి కారు తాళాలు తీశాడు. "నువ్వూ మా అమ్మా బస్సెక్కి రండి. నాకు పనులున్నాయి."

వందన అడ్డం నిలబడలేదు. బతిమాలలేదు. చేతులు కొంగులో చుట్టుకుని, ఉన్నచోటే ఉంది. ఆయన రెండడుగులు వేశాడు. డాక్టరు గది తలుపు తెరుచుకుంది.

"ప్రసాదూ," అంది మంగతాయారు. "ఇలా రా. మీ నాన్నగారి సంగతి చెబుతున్నాను. నువ్వూ విను."

"నాకు తెలుసుగా అమ్మా."

"తెలీదు."

ఆయన తల్లి వైపు చూశాడు, చేతిలో తాళాల వైపు చూశాడు. లోపలికి వెళ్ళాడు. ఒప్పుకుని వెళ్ళలేదు, నాన్నగారి కథ ఎవరు చెప్పినా ఇంకోసారి వినగలడు గనుక వెళ్ళాడు. తలుపు మూసుకుంది. లోపల చాలాసేపు ఒక్క ముసలి గొంతే వినిపించింది. దాని మీద ఇంకో గొంతు లేవలేదు.

కాంపౌండరు కొత్త చీటీల పుస్తకం తెచ్చాడు. "ఇంకో పేరు రాయమన్నారమ్మా మేడంగారు. పేషెంటు ప్రసాద్ గారు, ఆయనకి తోడొచ్చింది మీరు. అంతేనా?"

"కాదండీ," అంది వందన. "మేమిద్దరం పేషెంట్లం. తోడొచ్చింది వాళ్ళమ్మగారు."